ఊబకాయం వల్ల మనిషి కాలేయంలోని రక్షక కణాలకు ఏమవుతుంది?

పెన్నాతీరం

అందరికీ నమస్కారం. నా వయసు 46, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఏటా చేయించుకునే పరీక్షల్లో భాగంగా పోయిన నెల పొట్ట స్కానింగ్ తీయిస్తే గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. రిపోర్టు చేతికిచ్చినాయన "ఇప్పుడిది అందరికీ ఉంటున్నదేనండీ, నూనె తగ్గించండి" అని పంపించేశారు. ఇంటికొచ్చి వెతుక్కుంటే ఎక్కడ చూసినా ఒకటే మాట: కొవ్వు పేరుకోగానే కాలేయంలోని రోగనిరోధక కణాలు రెచ్చిపోయి కాలేయాన్నే కొరుక్కు తింటాయట. నాకు నొప్పి లేదు, కామెర్లు లేవు, ఎంజైములు కాస్త ఎక్కువగా ఉన్నాయంతే. మరి ఆ కణాలు నా కాలేయంలో ఇప్పటికే యుద్ధం మొదలుపెట్టాయని అనుకోవాలా? అసలు ఈ సంగతి మనుషుల్లో చూసి చెప్పిందా, ఎలుకల్లో చూసి చెప్పిందా? తెలిసినవారు వివరంగా రాస్తే రుణపడి ఉంటాను.

సూక్ష్మదర్శిని

పెన్నాతీరం గారూ, నేను పాథాలజిస్టును, కాలేయపు బయాప్సీలు చూడడం నా రోజువారీ పని. మీ కాలేయాన్ని నేను చూడలేదు కనుక దాని గురించి చెప్పను. అద్దం పలక మీద ఏం కనిపిస్తుందో మాత్రం చెబుతాను.

కాలేయానికి నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం వస్తుంది. అందులో ముప్పాతిక వంతు గుండె నుంచి నేరుగా వచ్చే శుద్ధ రక్తం కాదు, పేగుల నుంచి ద్వార సిర మోసుకొచ్చే రక్తం. తిన్న అన్నంలోని చక్కెరతో పాటు పేగుల్లోని సూక్ష్మజీవుల తునకలు కూడా అందులోనే కొట్టుకొస్తాయి. ఆ రక్తం సైనుసాయిడ్లు అనే సన్నని కాలువల్లో, జల్లెడలాంటి గోడల మధ్య నెమ్మదిగా నడుస్తుంది. ఆ కాలువల లోపల, ప్రవాహంలోకి కాళ్లు చాచుకుని కూర్చున్నట్లు ఉండేవే కుప్ఫర్ కణాలు. ఇవి కాలేయంలోనే కాపురముండే భక్షక కణాలు, అంటే మాక్రోఫేజ్‌లు. శరీరంలోని కణజాలాల్లో స్థిరపడిన భక్షక కణాలన్నింటినీ లెక్కవేస్తే అత్యధిక భాగం ఒక్క కాలేయంలోనే ఉంటాయి. వచ్చిన ప్రతి తునకకూ ఇవి రెచ్చిపోతే మనం రోజూ భోజనం చేయలేము. చప్పుడు చేయకుండా మింగి అరిగించుకోవడమే వీటి అసలు నైపుణ్యం.

కొవ్వు పేరుకున్న కాలేయాన్ని పలక మీద చూస్తే కణాల మధ్య తెల్లటి గుండ్రని రంధ్రాలు కనిపిస్తాయి. ముక్కను సిద్ధం చేసేటప్పుడు వాడే జైలీన్ వంటి ద్రావకాలు కొవ్వును కడిగేస్తాయి కనుక మేము చూసేది కొవ్వును కాదు, అది ఉండి వెళ్లిన ఖాళీని. నూటికి 5 కాలేయ కణాల కంటే ఎక్కువ వాటిలో అలా ఉంటే కొవ్వు కాలేయం అంటాము. ఇది ఒక దశ. అక్కడక్కడా కాలేయ కణాలు బూరెల్లా ఉబ్బి, లోపలి పదార్థం పీచుగా విడిపోయి, వాటి చుట్టూ తెల్ల రక్తకణాలు గుమిగూడి కనిపిస్తే అది వేరే దశ. దాన్నే నాష్ అనేవారు, 2023 నుంచి మాష్ అంటున్నారు. కొవ్వు ఉన్నవారందరూ ఆ రెండో దశకు చేరరు. చాలామంది పలకల్లో నాకు బోలెడు రంధ్రాలు కనిపిస్తాయి కానీ గుమిగూడిన కణాలు పెద్దగా కనిపించవు. అందువల్ల "కొవ్వు పేరుకోగానే" అన్న మాట నాకు మొదటి నుంచీ మింగుడు పడదు.

వేపచెట్టు

జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన వాడిని, చిన్న పిట్టకథకు అనుమతించండి. కార్ల్ ఫన్ కుప్ఫర్ 1876లో కాలేయపు ముక్కలకు బంగారు లవణంతో రంగు వేసి, నక్షత్రాల్లా మెరిసే కణాలను చూశాడు. ఆ పేరే భక్షక కణాలకు స్థిరపడిపోయింది. తీరా 1971లో జపాన్‌కు చెందిన కెంజిరో వాకె తేల్చిందేమిటంటే, బంగారం పట్టుకున్న ఆ నక్షత్ర కణాలు భక్షక కణాలే కావు, విటమిన్-ఎ దాచుకునే స్టెలేట్ కణాలు. అంటే కుప్ఫర్ చూసినవి ఒకటి, ఆయన పేరు పెట్టుకున్నవి మరొకటి. నలభై ఏళ్లపాటు పిల్లలకు ఈ పేరు బట్టీ పట్టించాక ఇది తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పిట్టకథ ఎందుకంటే, ఈ ఇద్దరు పొరుగువారి మధ్యనే ఇప్పటి జబ్బు నడుస్తుంది. భక్షక కణాల నుంచి టీజీఎఫ్-బీటా లాంటి సంకేతం అందితే స్టెలేట్ కణాలు విటమిన్-ఎ వదిలేసి కొలాజెన్ నార నేయడం మొదలుపెడతాయి. ఆ నారే ఫైబ్రోసిస్, అది ముదిరితే సిరోసిస్.

కణజాలం

నేను యూరప్‌లో రోగనిరోధక శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. స్వస్థలం రాజమండ్రి. అసలు ప్రశ్న "ఎలుకల్లోనా, మనుషుల్లోనా" అన్నది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

పాఠ్యపుస్తకాల్లోని కథ చాలా వరకు ఎలుకదే. ఎలుకకు కొన్ని వారాలు కొవ్వు మేత పెడితే కాలేయంలో కొవ్వు నిండుతుంది. పేగుల నుంచి వచ్చే బ్యాక్టీరియా పొర తునకలూ, కొవ్వు ఆమ్లాలూ, చచ్చిపోతున్న కాలేయ కణాలు వదిలే పదార్థాలూ కలిసి కుప్ఫర్ కణాలను రెచ్చగొడతాయి. అవి సైటోకైన్లు అనే సంకేత పదార్థాలు వదిలి రక్తం నుంచి మోనోసైట్లను, అంటే భక్షక కణాలుగా మారగల తెల్ల రక్తకణాలను, పిలుస్తాయి. జబ్బు ముదిరిన ఎలుకల్లో మొదటి నుంచీ ఉన్న కుప్ఫర్ కణాలు కొన్ని చచ్చిపోగా, ఆ ఖాళీలను వలస వచ్చిన మోనోసైట్లు ఆక్రమించి భక్షక కణాలుగా మారతాయని 2020లో పలు బృందాలు చూపించాయి. ఇదంతా పటిష్ఠమైన పనే, నేను తప్పు పట్టడం లేదు.

కానీ ఎలుక కాలేయం మన కాలేయం కాదు. ఎలుక కాలేయంలో ఐఎన్‌కేటీ అనే టీ కణాలు లింఫోసైట్లలో (ఇవి తెల్ల రక్తకణాల్లో ఒక రకం) పెద్ద వాటా ఆక్రమిస్తాయి, మన కాలేయంలో అవి సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండవు. మనకు వాటి స్థానంలో మెయిట్ అనే మరో రకం టీ కణాలు దండిగా ఉంటాయి, ఎలుకలో అవి అరుదు. మన రక్తంలో ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు లింఫోసైట్లలో 5 నుంచి 15 శాతం ఉంటే మన కాలేయంలో 30 నుంచి 50 శాతం వరకు ఉంటాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పిలవడానికి మన కాలేయం వాడే ఐఎల్-8 అనే సంకేతపు జన్యువే ఎలుకకు లేదు. ఒక ఊరి పోలీసు స్టేషన్ లెక్కలు చూసి ఇంకో ఊరి శాంతిభద్రతలు చెప్పినట్లుంటుంది.

ఇప్పుడు మనుషుల సంగతి. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో మిరియం అవాదీ బృందం 2019లో ప్రచురించిన పని నాకు చాలా ఇష్టం. ఊబకాయంతో పాటు ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయకపోవడం) కూడా ఉన్నవారి కాలేయాల నుంచి భక్షక కణాలను వేరుచేసి చూస్తే, అందరూ ఊహించినట్లు అవి శోథకారక స్థితికి, అంటే ఇన్‌ఫ్లమేషన్ పుట్టించే స్థితికి మారిపోలేదు. అయినా అవి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఐజీఎఫ్‌బీపీ7 అనే ప్రోటీను ద్వారా, శోథతో సంబంధం లేని మార్గంలో, చక్కెర కొవ్వుల వ్యవహారాన్ని ప్రభావితం చేస్తున్నాయని వారు చూపించారు. అదే బృందం 2023లో ఇంకో అడుగు వేసింది. మనిషి కాలేయంలో కాపురముండే మైలాయిడ్ కణాల్లో (భక్షక కణాలు ఈ కుటుంబానివే) ఎల్ఎం2 అని వారు పేరు పెట్టిన ఒక రకం ఉంది. ఊబకాయంలో దాని వాటా తగ్గిపోతోంది. ప్రయోగశాలలో కాలేయ కణాలను ఊబకాయపు వాతావరణంలో పెంచినప్పుడు, పక్కన ఈ ఎల్ఎం2 కణాలు ఉంటే ఆక్సీకరణ ఒత్తిడి తగ్గింది.

కాబట్టి పెన్నాతీరం గారూ, మీరు చదివిన వాక్యాన్ని నేనైతే తిరగరాస్తాను. మనిషి కాలేయంలో తొలిదశలో జరిగేది కాపలావాళ్లు కత్తులు దూయడం కాదు, మంచి కాపలావాళ్ల సంఖ్య పలచబడడం. పోట్లాట వచ్చేది ఆ తర్వాత, అది కూడా కొందరిలోనే.

ఏకశిల

నేను గణాంకశాస్త్రం చెప్పే మాస్టారిని, వైద్యం నాకు తెలియదు. తెలియని చోటే ప్రశ్నలు ఎక్కువ పుడతాయి కనుక అడుగుతున్నాను. ఊబకాయులతో పోల్చడానికి "మామూలు" కాలేయం ఎక్కడి నుంచి తెస్తున్నారు? ఏ జబ్బూ లేని మనిషి పొట్టలోంచి కాలేయపు ముక్క కోసివ్వడు కదా. పోలిక సరిగా లేకపోతే "తగ్గింది, పెరిగింది" అన్న మాటలకు విలువేముంటుంది? రెండోది, కణాలను బయటికి తీసే పద్ధతిలోనే కొన్ని రకాలు జారిపోతుంటే, జబ్బు వల్ల తగ్గాయో మన చేతిలో తగ్గాయో ఎలా చెబుతారు?

కణజాలం

మాస్టారూ, మా రంగంలో రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని ప్రశ్నలు రెండూ ఒకేసారి వేశారు.

ఊబకాయం ఉన్నవారి ముక్కలు ఎక్కువగా బేరియాట్రిక్ ఆపరేషన్ల నుంచి వస్తాయి. పొట్ట తగ్గించే ఆ కీహోల్ ఆపరేషన్‌లో కాలేయం కళ్లెదుటే ఉంటుంది కనుక, రోగి ముందుగా ఒప్పుకుంటే అంచు నుంచి చిన్న ముక్క తీస్తారు. పోలికకు పిత్తాశయంలో రాళ్ల కోసం ఆపరేషన్ చేయించుకునేవారి నుంచో, కణితి తీసేటప్పుడు దానికి దూరంగా ఉన్న భాగం నుంచో, మార్పిడికి వచ్చిన దాతల కాలేయాల నుంచో తీసుకుంటారు. వీరిలో ఎవరూ పూర్తి ఆరోగ్యవంతులు కాకపోవచ్చు. పైగా బేరియాట్రిక్ రోగులు చాలామంది ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు కాలేయం కుంచించుకుపోవడానికే పథ్యం చేస్తారు. మేము చూసేది పథ్యం తర్వాతి కాలేయాన్ని. ఇది గుర్తుపెట్టుకోకుండా ఫలితాలు చదవకూడదు.

రెండోదానికి ఒక పూట పని వర్ణిస్తాను. ముక్క ఆపరేషన్ గది నుంచి ఐసు మీద వస్తుంది. కొలాజినేజ్ అనే ఎంజైముతో నానబెట్టి కరిగిస్తాము. గొట్టాన్ని మెల్లగా, భూమ్యాకర్షణకు 50 రెట్లతో తిప్పితే బరువైన కాలేయ కణాలు అడుక్కి దిగుతాయి, రక్షక కణాలు పైన నీటిలో మిగులుతాయి. ఊబకాయుల ముక్క అయితే ఇక్కడే తెలిసిపోతుంది. గొట్టం పైన, వెన్న కాచినప్పుడు తేలిన మీగడలా, పసుపురంగు పొర కడుతుంది. కొవ్వు మింగి ఉబ్బిన భక్షక కణాలు కొన్ని ఆ పొరలోనే చిక్కుకుని మాతోపాటు సింకులోకి పోతాయి. కుప్ఫర్ కణాలకు ఇంకో గుణం, గోడను కరుచుకుని ఊడిరావు. అందుకే ఇప్పుడు కణం మొత్తానికి బదులు గడ్డకట్టించిన ముక్కలోంచి కేంద్రకాలను మాత్రమే తీసి, వాటిలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదవడం, లేదా ముక్కను కదిలించకుండా ఉన్నచోటే రంగులు వేసి లెక్కించడం చేస్తున్నారు. రెండు మూడు పద్ధతుల్లో ఒకే మాట వస్తేనే నేను నమ్ముతాను.

2018లో టొరంటో బృందం ఐదుగురు దాతల కాలేయాల నుంచి 8,444 కణాలను ఒక్కొక్కటిగా చదివి పటం గీసింది. శోథకు మొగ్గే భక్షక కణాలూ, దాన్ని అణచే భక్షక కణాలూ రెండు వేర్వేరు జట్లుగా మనిషి కాలేయంలో ఉన్నాయని ఆ పటంలో స్పష్టమైంది. ఐదుగురంటే మీకు నవ్వొస్తుందని తెలుసు మాస్టారూ.

ఇంకొక చక్కని ఉపాయం చెప్పకుండా ఉండలేను. ఒకరి కాలేయాన్ని మరొకరికి అమర్చినప్పుడు దాత కణాలకూ గ్రహీత కణాలకూ హెచ్ఎల్ఏ అనే గుర్తింపు వేరుగా ఉంటుంది. కొన్నాళ్లకు ఆ కాలేయంలోంచి చిటికెడు తీసి చూస్తే ఏ కణం పాత కాపురస్థుడో, ఏది కొత్తగా వచ్చినదో విడదీయవచ్చు. లండన్‌లో ఇలా చూసినప్పుడు దాత తాలూకు టీ కణాలు కొన్ని 11 ఏళ్ల తర్వాత కూడా అక్కడే ఉన్నాయి. మైలాయిడ్ కణాలు మారే తీరు ఎలుకలో ఒకలా, మనిషిలో మరోలా ఉందని కరోలిన్‌స్కా వారు తేల్చింది కూడా మార్పిడి రోగుల్లోనే.

ఏకశిల

నవ్వలేదండీ. ఐదుగురి నుంచి ఎనిమిది వేల కణాలు తీసినా మనుషులు ఐదుగురే అన్న సంగతి రాసేవారికి తెలిసి ఉంటే చాలు.

తుంగభద్ర

నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు ఎక్కువగా ఉందని, 71 శాతం మందికి ఊబకాయం ఉందని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి కలిసి 2025లో ప్రచురించిన అధ్యయనం మా ఆఫీసులో అందరి ఫోన్లలో తిరిగింది. నాకు అర్థం కానిదేమిటంటే, నా బరువు 64 కిలోలు, ఎత్తు 170, నన్ను చూసి ఎవరూ లావు అనరు. అయినా నాకూ స్కానింగ్‌లో అదే వచ్చింది. ఊబకాయం లేనివాడి కాలేయంలో కూడా ఈ కాపలా వ్యవహారం ఇలాగే ఉంటుందా?

సూక్ష్మదర్శిని

తుంగభద్ర గారూ, మనవారికి బరువు యంత్రం కన్నా దర్జీ టేపు నిజం చెబుతుంది. భారతీయుల్లో బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువుగా లెక్క. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలోపలి కొవ్వు ఉన్నట్లే. ఆ కొవ్వు వదిలే కొవ్వు ఆమ్లాలు నేరుగా ద్వార సిరలోకే దిగుతాయి కనుక కుప్ఫర్ కణాలకు అందేది అదే. మీ బీఎంఐ 22 దగ్గర ఉంది, నడుము కొలత రాయలేదు. రెండో సంగతి, పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవారికి బరువు లేకపోయినా కాలేయంలో కొవ్వు నిలుస్తుందని 2008 నుంచి తెలుసు. పలక మీద సన్నటివారి కొవ్వు కాలేయానికీ లావుపాటివారి కొవ్వు కాలేయానికీ తేడా చెప్పమంటే పేరు చూడకుండా నేను చెప్పలేను.

ఆ 84 శాతం గురించి ఒక మాట. అది రోజంతా కూర్చుని పనిచేసే ఒక వర్గంలో తీసిన సంఖ్య. దాన్ని తెలుగువారందరికీ అంటగట్టకూడదు.

నిర్వాహకులు

కొర్రలు, కాకరకాయ రసం, ఉపవాసాల మీద వచ్చిన ఏడు సమాధానాలను ఆహారం విభాగంలోకి మార్చాము. ఇక్కడ కాలేయపు రక్షక కణాల మీదే రాయవలసిందిగా మనవి.

పెన్నాతీరం

చాలా కృతజ్ఞతలు. చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. బయటినుంచి వచ్చే మోనోసైట్లే రెండో దశకు కారణమైతే, వాటిని గుమ్మం దగ్గరే ఆపేసే మందు ఇస్తే సరిపోదా? ఇంకొకటి, ఎన్‌కే కణాలు మన కాలేయంలో అంత ఎక్కువగా ఉన్నాయన్నారు. అవి ఏం చేస్తున్నాయి?

కణజాలం

సరిగ్గా ఆ ఆలోచనతోనే ఒక మందు తయారు చేశారు, దాని పేరు సెనిక్రివిరాక్. మోనోసైట్లు కాలేయంలోకి రావడానికి వాడుకునే సీసీఆర్2, సీసీఆర్5 అనే రెండు గ్రాహకాలను అది మూసేస్తుంది. 289 మంది మీద జరిగిన పరీక్షలో ఏడాది తిరిగేసరికి మందు తీసుకున్నవారిలో 20 శాతం మందికి ఫైబ్రోసిస్ తగ్గింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 10 శాతానికే. అందరూ సంబరపడ్డారు. తర్వాత పెద్దయెత్తున మొదలుపెట్టిన మూడో దశ పరీక్షను ప్రభావం లేదని 2021 ఆరంభంలో ఆపేశారు.

ఎందుకలా జరిగిందన్నదానికి నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనివారు ఉంటారు. వచ్చిన మోనోసైట్లన్నీ దొంగలు కావు. 2019లో ఎడిన్‌బరో బృందం సిరోసిస్ వచ్చిన మనుషుల కాలేయాల్లో, మచ్చ ఉన్న చోటే చేరే ఒక భక్షక కణాల జట్టును గుర్తించింది. వాటి ఒంటిమీద ట్రెమ్2, సీడీ9 అనే గుర్తులు ఉంటాయి. అవి నార నేయడాన్ని ప్రోత్సహిస్తున్నాయని వారన్నారు. అదే ఏడాది ఇంకో బృందం కొవ్వు కణజాలంలో ట్రెమ్2 ఉన్న భక్షక కణాలను చూసింది. అక్కడ అవి పొంగిపొర్లిన కొవ్వును మింగి ఇల్లు సర్దుతున్నాయి, ఆ గ్రాహకాన్ని తీసేసిన ఎలుకల ఆరోగ్యం ఇంకా చెడింది. ఒకే చొక్కా వేసుకున్నవారు ఒకచోట తాపీమేస్త్రీలు, మరోచోట చెత్త ఎత్తేవారు. వీధి గేటు మూసేస్తే ఇద్దరూ ఆగిపోతారు. లోపల కొవ్వు ఆమ్లాల ధార మాత్రం ఆగదు.

ఇక ఎన్‌కే కణాలు. వైరస్ సోకిన కణాన్నీ క్యాన్సర్ వైపు తిరిగిన కణాన్నీ ముందస్తు పరిచయం లేకుండానే చంపడం వాటి పని. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీకి చెందిన లిడియా లించ్ బృందం 2018లో ఊబకాయుల ఎన్‌కే కణాలను పరిశీలిస్తే, వాటి లోపల కొవ్వు బిందువులు నిండి, చక్కెరను ఇంధనంగా వాడుకునే యంత్రాంగం మందగించి ఉంది. ఆశ్చర్యకరమైన విషయమేమిటంటే, అవి క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి దగ్గరికి వెళ్లి అతుక్కోగలిగాయి. కానీ పర్ఫోరిన్, గ్రాంజైమ్ అనే ఆయుధాలను ఆ అతుకు దగ్గరికి చేర్చలేకపోయాయి. దొంగను పట్టుకున్నాక లాఠీ ఎత్తలేకపోయిన కానిస్టేబుల్‌ను ఊహించుకోండి. మాస్టారు అడిగేలోపే నేనే ఒప్పుకుంటాను, మనుషుల విషయంలో వారు చూసినవి రక్తంలోని ఎన్‌కే కణాలు, కాలేయంలో కాపురమున్నవి కావు.

వేపచెట్టు

"కంచే చేను మేసింది" అన్న సామెతకు సరిపోయేవి ఏమీ లేవన్నమాట. పత్రికలవాళ్లు అనవసరంగా రాశారా?

కణజాలం

ఉన్నాయి మాస్టారూ, అయితే అవి భక్షక కణాలు కావు. సీడీ8 టీ కణాలు. మామూలుగా టీ కణం తనకు చూపించిన పరాయి తునకను గుర్తుపడితేనే చంపుతుంది. 2021లో మ్యూనిక్ బృందం చూపించినదేమిటంటే, మాష్ దశలోని కాలేయంలో సీఎక్స్‌సీఆర్6, పీడీ-1 అనే గుర్తులున్న సీడీ8 కణాలు పోగవుతాయి. ఐఎల్-15 అనే సంకేతంతోనూ అసిటేట్ వంటి జీవక్రియ పదార్థాలతోనూ అవి దశలవారీగా మారిపోతాయి. చివరకు ఎదుట ఉన్నది పరాయిదా సొంతదా అన్న విచక్షణ లేకుండా కాలేయ కణాలను చంపడం మొదలుపెడతాయి. ప్రయోగం ఎలుకల్లో చేశారు, అటువంటి కణాలే మాష్ ఉన్న మనుషుల కాలేయాల్లోనూ కనిపించాయి. కంచే చేను మేయడమంటే ఇదే.

దీనికి తోక ఒకటుంది. పీడీ-1ను అడ్డుకునే క్యాన్సర్ మందులు అలసిపోయిన టీ కణాలను తిరిగి లేపుతాయి. మాష్ కాలేయంలో లేపేది ఈ విచక్షణ కోల్పోయిన కణాలనే అయితే? అదే ఏడాది హైడెల్‌బర్గ్ బృందం, 1,600 మందికి పైగా కాలేయ క్యాన్సర్ రోగులున్న మూడు పెద్ద పరీక్షలను కలిపి చూసి, వైరస్ వల్ల వచ్చిన క్యాన్సర్‌లో ఆ మందులు ఆయుష్షు పెంచాయి గానీ వైరస్ కారణం కానివారిలో పెంచలేదని రాసింది. తర్వాత వచ్చిన పరీక్షలు దీనితో పూర్తిగా ఏకీభవించలేదు. కనుక ఇంట్లో ఎవరికైనా ఆ చికిత్స నడుస్తుంటే దీన్ని చదివి ఆపించవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

పెన్నాతీరం

మీరందరూ చెప్పాక వేరే డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కొత్త పరీక్షలేవీ రాయలేదు. ఉన్న రిపోర్టులోంచే ఫిబ్-4 అనే లెక్క కాగితం మీద వేసి చూపించారు. నా వయసు 46ను ఏఎస్‌టీ అనే కాలేయ ఎంజైము 38తో గుణించి, ప్లేట్‌లెట్లు 240ని ఏఎల్‌టీ అనే మరో ఎంజైము 52 వర్గమూలంతో గుణించగా వచ్చిన దానితో భాగిస్తే 1.01 వచ్చింది. 1.3 కంటే తక్కువ కనుక ప్రస్తుతానికి ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం చాలా తక్కువని, బరువు తగ్గమని చెప్పారు. ఎనిమిది కిలోలు తగ్గితే ఆ కాపలా కణాల పరిస్థితి మారుతుందా?

సూక్ష్మదర్శిని

సంతోషం. ఆ లెక్క ఏ కుర్చీలో కూర్చునైనా వేయవచ్చు, వేసేవారే తక్కువ. 65 ఏళ్లు దాటినవారికి మాత్రం 1.3 బదులు 2 అని చూడాలి.

మీ ప్రశ్నకు నాకు కనిపించే జవాబు పలకల మీదిదే. క్యూబాలో మాష్ ఉన్న 293 మందికి ఏడాదిపాటు తిండి, నడక మార్పించి, ముందూ తర్వాతా బయాప్సీలు తీసి 2015లో ప్రచురించారు. బరువులో పదో వంతు లేదా అంతకన్నా ఎక్కువ తగ్గినవారిలో 90 శాతం మందికి గుమిగూడిన కణాలూ ఉబ్బిన కణాలూ మాయమై మాష్ తొలగిపోయింది, 45 శాతం మందికి ఫైబ్రోసిస్ కూడా వెనక్కి తగ్గింది. అంత తగ్గగలిగినవారు పదిమందిలో ఒకరే అన్నది కూడా అదే పత్రంలో ఉంది. మీ ఎనిమిది కిలోలు దాదాపు పదో వంతే. ఇంకొంచెం తగ్గితే 8.4.

మందులతోనూ ఇదే దృశ్యం. మోనోసైట్ల గుమ్మం మూసిన మందు ఓడిపోయింది, బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ మాత్రం 72 వారాల్లో 62.9 శాతం మందిలో మాష్‌ను తొలగించింది, ఉత్తుత్తి సూదితో అది 34.3 శాతం. అమెరికాలో దానికి 2025 ఆగస్టులో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది. అంతకుముందు 2024 మార్చిలో వచ్చిన రెస్మెటిరోమ్ కూడా కాలేయ కణంలోని కొవ్వు మీద పనిచేసేదే. ధార కట్టేస్తే గుంపు దానంతటదే చెదురుతోంది. కొలాజెన్ మచ్చలు మాత్రం అంత తొందరగా పోవు.

తుంగభద్ర

నడుము కొలిచాను, 93. ఇక మాట్లాడను.

ఒక్క విషయం మాత్రం అడగాలి. మా బావగారికి వచ్చే నెల బేరియాట్రిక్ ఆపరేషన్. ఆసుపత్రిలో ఒక ఫారం ఇచ్చి, ఆపరేషన్ సమయంలో కాలేయం అంచు నుంచి చిన్న ముక్క పరిశోధనకు తీసుకోవడానికి అంగీకారమా అని అడిగారట. అక్క భయపడి వద్దంటోంది. పైన కణజాలం గారు రాసింది చదివాక ఏం చెప్పాలో తెలియడం లేదు.

కణజాలం

నేను ఆ ముక్కల మీదే బతికేవాడిని, నిష్పక్షపాతంగా చెప్పలేను కనుక ప్రమాదం సంగతి సూక్ష్మదర్శిని గారు చెప్పాలి. ఒకటి మాత్రం చెబుతాను. మా దగ్గరికి ముక్క వచ్చినప్పుడు దానిమీద పేరుండదు, ఒక సంఖ్య ఉంటుంది. ఆ రోజు ఎవరూ భోజనానికి లేవరు, ఎందుకంటే కణాలు గంటల్లో చచ్చిపోతాయి. ఎల్ఎం2 అనే మాట ఇవాళ ఉందంటే ఎవరో కొందరు అలాంటి ఫారం మీద సంతకం పెట్టారు కాబట్టే.

సూక్ష్మదర్శిని

ప్రమాదం ప్రధానంగా రక్తస్రావం. కీహోల్ ఆపరేషన్‌లో అది సర్జన్ కళ్లెదుటే ఉంటుంది, అక్కడికక్కడే ఆపగలరు. బయటినుంచి సూది గుచ్చి తీసేదానికన్నా ఆ విధంగా నయం. అయినా ప్రమాదం సున్నా కాదు, ఆ మాట ఫారంలో రాసి ఉండాలి. వద్దంటే చికిత్సలో ఏ తేడా రాకూడదు, ఒప్పుకున్నాక మనసు మార్చుకున్నా తప్పు లేదు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఆ పత్రం వారికి అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి. తెలుగు ప్రతి అడగమనండి. ఆ ముక్కను ఎవరైనా పలక మీద కూడా చూసి ఫైబ్రోసిస్ ఉందో లేదో చెబుతారా అని తప్పకుండా అడగమనండి, దానివల్ల మీ బావగారికే ఉపయోగం.

తుంగభద్ర

తెలుగు ప్రతి లేదన్నారు, మర్నాటికి తెప్పించారు. అక్క రెండుసార్లు చదివి, "గోరంత ముక్క అని రాశారు, ఎవరి గోరంతో రాయలేదు" అని సర్జన్‌ను అడిగిందట. ఆయన నవ్వి తన చిటికెన వేలు చూపించారట. బావ సంతకం పెట్టాడు.